ఏడో రోజు

“మళ్ళీ తగ్గాయి!”

ఒరెస్ట్ అరుపు విని హాల్యా వంటింటి తలుపు తెరిచింది. పెరట్లో మంచు మధ్య హాట్ టబ్, మనుషులు కూర్చునే వేడినీళ్ళ తొట్టి, ఆవిర్లు కక్కుతోంది. నిన్న సాయంత్రం నీళ్ళు సరిగ్గా టబ్బు లోపలి నల్ల పట్టీ అంచున ఉన్నాయి. ఇప్పుడు ఒక వేలు మందం కిందికి దిగాయి.

“ఎన్నో రోజు?” అడిగింది.

“ఏడో రోజు. ఐదు వారాలుగా ఇదే తంతు! ఆరు రోజులు బుద్ధిగా ఉంటుంది, ఏడో రోజు తెల్లారేసరికి కారుతుంది. ఈ టబ్బుకి వారాలు లెక్కపెట్టడం ఎవరు నేర్పారో!”

“అరవకు. వచ్చి వేడిగా బోర్ష్ సూపు తాగు.”

“పదకొండింటికి టబ్బు కొనుక్కెళ్ళడానికి వెండెల్ ట్రైలర్ బండి వేసుకుని వస్తాడు. ఇప్పటికి రెండుసార్లు ఉత్తచేతులతో పంపాను. ఏం చెప్పమంటావ్?”

“ఇంకో వారం ఆగమను. నీ నియమమే కదా!”

కెనడాలోని రెడ్ డీర్ ఊరి చుట్టుపక్కల పాత టబ్బు కొనేవాళ్ళందరికీ ఆ నియమం తెలుసు. ఒరెస్ట్ వాడేసిన టబ్బుల్ని కొంటాడు, బాగుచేస్తాడు, తన పెరట్లోనే నీళ్ళు నింపి ఏడు రోజులు నడుపుతాడు. కాస్త తగ్గినా మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట తనే అందులో కూర్చుంటాడు. కళ్ళు మూసుకుని, వీపుకి తగిలే ధారని బట్టి ఏ మోటారు నీరసించిందో చెప్పేస్తాడు. నలభైమూడు టబ్బులు అమ్మాడు. ఒక్కటీ వెనక్కి రాలేదు.

అమ్మే సరుకు మాత్రం సొంతానికి ఉంచుకోడు. అక్టోబరులో మోకాళ్ళు పట్టేసి, బూటు లేసులు కూడా హాల్యాయే కట్టాల్సి వచ్చినప్పుడు, చలికాలమంతా రోజూ వేడినీళ్ళలో కూర్చోమంది డాక్టరమ్మ. ఒకటి మనకి ఉంచుకుందామని హాల్యా బతిమాలింది. “పరీక్ష కోసం కూర్చోవడం పని. ఊరికే కూర్చోవడం సోమరితనం,” అని కొట్టిపారేశాడు. ఆ తర్వాత వచ్చిందే ఈ నలభైనాలుగోది.

ఒరెస్ట్ మంచులో మోకరిల్లి టబ్బు పక్క పలక ఊడదీశాడు. “ఈసారి దొంగ తప్పించుకోలేడు. నిన్న సాయంత్రం నువ్వు చర్చిలో పిరోహీ కుడుములు చుడుతుంటే, నేను నీళ్ళలో కేకు రంగు నాలుగు సీసాలు వంపాను. ఎర్రది. ఎక్కడ కారితే అక్కడ మంచు ఎర్రబడి తీరాలి.”

హాల్యా గిరుక్కున వెనుదిరిగింది. “బోర్ష్ పొంగిపోతోంది,” అంటూ లోపలికి వెళ్ళింది.

అతను టార్చి వేసి ప్రతి గొట్టం, ప్రతి అతుకు వెతికాడు. బోర్లా పడుకుని అడుగున చూశాడు. లేచి చుట్టూ తిరిగాడు, మళ్ళీ మోకరిల్లాడు. టబ్బు చుట్టూ మంచు పాలలా తెల్లగా ఉంది.

పదకొండు కాకముందే వెండెల్ వచ్చాడు. “ఒరెస్ట్ గారూ, ఇవాళైనా ఎక్కించేదుందా?”

“నీళ్ళు తగ్గాయి బాబూ.”

“ఎంత?”

“వేలు మందం.”

“అంతేనా! వారానికి నాలుగు బకెట్లు నేనే పోసుకుంటా. మీరు చెప్పిన ధరే ఇస్తా.”

“కారే టబ్బు నా గేటు దాటదు.”

“అయితే కాల్గరీ పట్నంలో కొనుక్కుంటా. వాళ్ళు ఇస్తానన్న రోజుకి ఇస్తారు.”

ఆ మాట సూటిగా తగిలింది. ఒరెస్ట్ టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. “నువ్వన్నది నిజమే. లీకు కనిపెట్టలేనివాడు టబ్బులు అమ్మకూడదు. దీన్ని ఇవాళే తుక్కుకి పంపేస్తా. ఇదే నా ఆఖరి టబ్బు.”

“అదేం మాట!” హాల్యా చెప్పులతోనే మెట్లు దిగి వచ్చింది. “ఇంకొక్క వారం చూడు.”

“చూశాను హాల్యా. నా పనితనం అయిపోయింది.”

మొగుడూపెళ్ళాల మధ్య నిలబడలేక వెండెల్ చూపు తిప్పుకున్నాడు. పెరటి చివర మనవలు ఆదివారాల్లో హాకీ ఆడే మంచు బరి ఉంది. ప్రతి శనివారం, ఇవాళ కూడా, తెల్లవారకముందే హాల్యా దాని మీద బకెట్లతో నీళ్ళు పోసి నున్నగా గడ్డకట్టిస్తుంది. ఆ బకెట్లు రెండూ పక్కనే బోర్లించి ఉన్నాయి.

“బరి అద్దంలా ఉందండీ,” అన్నాడు వెండెల్, మాట మార్చడానికి. “కానీ గులాబీ రంగు ఎందుకేశారు?”

ఒరెస్ట్ గబగబా పెరడు దాటాడు. అతన్ని అందుకోవడానికి వెండెల్ పరుగెత్తాల్సి వచ్చింది. ఒరెస్ట్ మంచు మీద మోకరిల్లి గోటితో గీకాడు. గోరు గులాబీ రంగైంది. బకెట్ల వైపు చూశాడు. తర్వాత, మంచు మీద మడుచుకుని ఉన్న తన మోకాళ్ళ వైపు చాలాసేపు చూశాడు.

దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు.

“తర్వాత వచ్చే టబ్బు నీదే బాబూ. ఇది అమ్మను. మాకు కావాలి.”

“కారే టబ్బు మీకెందుకండీ?”

“ఇది కారదు. నా టబ్బులు కారవు.”

“మరి ఐదు వారాలుగా వెతుకుతున్న ఆ లీకు?”

ఒరెస్ట్ వెనక్కి తిరిగాడు. మెట్ల దగ్గర ఆమె చేతులు యాప్రాన్ కింద దాచుకుని నిలబడి ఉంది.

“ఆ లీకు పేరు హాల్యా.”