నీలం తీగ

“ఇవాళైనా మాట వింటావా, మళ్లీ మొండికేస్తావా?” అని ఆ అమ్మాయి కంప్యూటర్‌ను అడిగింది.

“దానికి మొండితనం ఎక్కడిది? ఎవరి చేతిలో పడితే వాళ్ల బుద్ధులే వస్తాయి,” అని బల్లకు అవతల కూర్చున్న స్టోర్‌కీపర్ కూడా కంప్యూటర్‌తోనే అన్నాడు.

ఆయన ఆమెకు తండ్రి. ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. ఆయన విడిభాగాల గదిలో, ఆమె కంప్యూటర్లు చూసుకునే సిస్టమ్స్ సెక్షన్‌లో. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి చాలాకాలమైంది.

తల్లి పోయాక ఇంట్లో ఆవిడ ఫోన్ మిగిలింది. గొడుగు మరిచిపోయారు, తలుపు గడియ వేశారా, అంటూ ఆవిడ తన గొంతుతో రికార్డు చేసి పంపిన మాటలన్నీ అందులోనే ఉండేవి. ఆయన రోజూ అన్నం ముందు కూర్చుని అవి వినేవాడు. ఫోన్ మొరాయిస్తోందని కూతురు దానికి కొత్త సాఫ్ట్‌వేర్ వేసింది. ఫోన్ బాగుపడింది, తల్లి గొంతు పోయింది. “ఇక నాతో మాట్లాడకు,” అన్నాడాయన. ఆ పిల్ల నిజంగానే మాట్లాడలేదు, పెట్టె సర్దుకుని హాస్టల్‌కు వెళ్లిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆయన తీసుకోవాలనే చూశాడు గాని, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

అలాంటప్పుడు ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నిటికీ పాత సిస్టమ్ తీసి కొత్తది వేయడం మొదలైంది. గేటు దగ్గరి కంప్యూటర్‌తో సహా అన్నీ అయిపోయాయి, స్టోర్‌లో ఉన్నది తప్ప. దానికి వేసిన ప్రతిసారీ సగంలో ఆగిపోతుంది. మరుసటి వారం ఆమె మళ్లీ వస్తుంది.

ఎందుకు ఆగుతోందో స్టోర్‌కీపర్‌కు తెలుసు. మిగతా గదుల్లో కొత్త సిస్టమ్ బల్ల కింది నీలం తీగలోంచే వచ్చిందని విన్నాడు. అందుకని ఆమె పని మొదలుపెట్టి మంచినీళ్లకు వెళ్లగానే, వంగి ఆ తీగ పీకేసేవాడు. ఆమె తిరిగొచ్చి ముందు బల్ల కిందికే తొంగిచూసేది. తీగ మళ్లీ తగిలించి, తెరను తనవైపు తిప్పుకుని, ఏవో మీటలు నొక్కేది.

“మళ్లీ ఆగిపోయింది. తీగ ఊడినట్టుంది.”

“ఈ గదిలో ఎలుకలు ఎక్కువ,” అని ఆయన కంప్యూటర్‌కు చెప్పేవాడు.

“అయితే వచ్చేవారం రావాలి,” అని ఆమె కూడా దానికే చెప్పేది. అత్త మీద కోపం దుత్త మీద చూపించేవాళ్లుంటారు. వీళ్లిద్దరూ ప్రేమను కంప్యూటర్ మీద చూపించడం నేర్చుకున్నారు.

ఈరోజు పొద్దున మాత్రం ఆమె సెక్షన్ మేడమ్ స్టోర్‌కు ఫోన్ చేసింది. “మీదొక్కటే మిగిలిందండీ. ఇవాళ కూడా కాకపోతే మీ అమ్మాయి ఉద్యోగానికే ఎసరొచ్చేలా ఉంది. చేతకావడం లేదనుకుంటున్నారు పైవాళ్లు.”

అమ్మాయి ఎప్పటిలాగే మెడలో వేలాడుతున్న తాడుకున్న పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటర్‌కు తగిలించింది. “పాతవేవీ పోవు. ఈసారి అన్నీ ముందే దాచిపెట్టాను,” అంది మెల్లగా. ఆ మాట ప్రతివారం అంటుంది. తర్వాత తెర మీదున్న దుమ్ము తుడుస్తూ, “నీ యజమాని చొక్కాకి బొత్తాం ఊడింది చూశావా?” అని దాన్నే అడిగింది.

“బొత్తాం సంగతి తర్వాత. మొహం పీక్కుపోయింది, హాస్టల్లో తిండి పెడుతున్నారో లేదో కనుక్కో,” అన్నాడాయన.

ఆమె మంచినీళ్లకు వెళ్లింది. ఆయన బల్ల కిందికి చూశాడు. చెయ్యి దానంతటదే కిందికి వెళ్లింది. ఇది అయిపోతే వచ్చేవారం లేదు, ఆ పైవారం లేదు, ఆ గొంతు ఈ గదిలో మళ్లీ వినపడదు. కానీ పిల్ల పొట్ట కొట్టి వినే గొంతు ఎందుకు? చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చాలా కష్టంగా అనిపించింది.

ఆమె వచ్చింది. అలవాటు ప్రకారం ముందు వంగి చూసింది. నీలం తీగ ఉన్నచోటే ఉంది. ఆమె చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

“ఎలుకలు పోయినట్టున్నాయి,” అంది చివరికి కంప్యూటర్‌తో.

“పోయాయి. ఇక రావు,” అన్నాడాయన, ఆమెకు ధైర్యం చెబుతున్నాననుకుని.

ఆమె కుర్చీలో కూర్చుంది. ఈసారి తెరను తిప్పుకోలేదు, మీటలేవీ నొక్కలేదు. పని ఎంతవరకు వచ్చిందో చూపే గీత తెర మీద నిండుతుంటే చూస్తూ కూర్చుంది. “అయిపోయింది. ఇక నాతో అవసరం లేదు,” అని పెన్‌డ్రైవ్ తీసుకుని లేచింది. ఆగమ్మా అనాలనుకున్నాడు. నోట్లోంచి, “మంచిది, అందరికీ శ్రమ తప్పింది,” అని వచ్చింది, అదీ కంప్యూటర్‌తోనే.

మర్నాడు కొత్త సిస్టమ్ ఎలా నడుస్తోందో చూడడానికి మేడమే స్వయంగా వచ్చింది.

“మా అమ్మాయి వస్తుందేమో అనుకున్నానండీ,” అన్నాడు స్టోర్‌కీపర్.

“మీకు చెప్పలేదా? దూరపు బ్రాంచిలో ఖాళీ ఉంది వెళ్లమంటే ఇన్నాళ్లూ ససేమిరా అంది. నిన్న సాయంత్రం తనే వచ్చి వెళ్తానంది. పొద్దున్నే బయల్దేరిపోయింది.”

ఆయన కుర్చీ చేయి పట్టుకుని కూర్చున్నాడు.

“దానికి చేతకాక కాదు మేడమ్. ప్రతిసారీ ఈ నీలం తీగ పీకి, కొత్త సిస్టమ్‌ను ఆపేసింది నేను. పైవాళ్లకు ఆ మాట చెప్పండి. దాని తప్పేమీ లేదు.”

మేడమ్ బల్ల కిందికీ ఆయన మొహంలోకీ మార్చి మార్చి చూసింది.

“మిగతావన్నీ మా గదిలోంచే తీగ మీద పంపాం గానీ, మీదొక్కటీ దగ్గరుండి పెన్‌డ్రైవ్‌తో వేస్తానని తనే పట్టుబట్టిందండీ,” అంది. “దానికి ఆ తీగతో పనే లేదు, పీకినా ఆగదు.”