కొత్త అట్ట

మా అత్త బైబిలును కొత్త అట్టతో చేతికిస్తూ, "కింది మూల ఎలక కొరికిన అట్ట తీసేశా, నలిగిన అంచులు మెషిన్ మీద కోసేశా. మడత ఒక్కటి లేదు చూడక్కా," అన్నాడు బైండింగు జిలానీ. దానికోసం నరసరావుపేట తిరిగి తిరిగి విసిగిపోయాను.

ఇంటికి తెచ్చి ఇస్తే అత్త అట్టను అటూ ఇటూ తడిమింది. "ఏందే ఇది? ఇది నాది కాదు."

"మీదే అత్తా. ఊడిపోతున్న కాగితాలన్నీ కుట్టించాను."

"నిన్నెవరు కుట్టించమన్నారు?"

నాకు ఒళ్లు మండింది. సాయంత్రం మా ఇంట్లో ఆడవాళ్ల ప్రార్థన. ప్రతిసారీ ఇరవై మూడో కీర్తన చదివేది అత్తే. "అయితే మీ కీర్తన ఇప్పుడే చదవండి. ఒక్క అక్షరమైనా పోయిందేమో చూద్దాం," అన్నాను.

ఆమె బొటనవేలు కాగితాల అంచుల మీద జరుగుతూ పోయింది. ఎక్కడా ఆగలేదు. చివరికి ఒకచోట తెరిచి, కళ్లజోడు సర్దుకుని, కీర్తనంతా తప్పు లేకుండా చదివింది.

పుస్తకం తలకిందులుగా ఉంది.

ఆమె పెరట్లోకి వెళ్లాక, పేజీలు మడవొద్దని ఇంటిల్లిపాదినీ కసిరే నేను, ఆ కీర్తన ఉన్న కాగితం మూల గట్టిగా మడిచాను. ఆడవాళ్లు వచ్చేలోగా కొత్త అట్ట కింది మూలను కత్తిపీట మీద, ఎలక కొరికినట్టే చెక్కాను.