పాట ఆగేలోపు

వంటింటి వెనక పక్కపక్కనే రెండు మడులు. విత్తనాలు ఒకే పొట్లంలోవి, నీళ్ళు ఒకే కుళాయివి. అయినా పెద్దకోడలి సొరపాదు పందిరెక్కింది, చిన్నకోడలిది నేలమీదే చతికిలబడింది.

"అంతా పెద్దదాని చేతిచలువ," అన్నారు అత్తగారు. చిన్నకోడలికి కడుపు రగిలిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం పెద్దకోడలు గదిలో పాటలు పెట్టుకుని, పాత ఫొటోలు కత్తిరించి ఆల్బంలో అతికించుకుంటుంది. పాట నడుస్తున్నంతసేపూ బయటికి రాదు. చిన్నకోడలు అదను చూసి పందిరి దగ్గరికి వెళ్ళింది. ఎగబాకుతున్న కొసలన్నీ గోటితో గిల్లేసింది. ఇక ఎలా పెరుగుతుందో చూద్దామనుకుంది.

పాదు చావలేదు. గిల్లిన చోటల్లా పక్కకొమ్మలు వేసి, కొమ్మకొమ్మకీ పిందె తొడిగింది. ఆమె కళ్ళల్లో నిప్పులు పోసుకుని ప్రతి ఆదివారమూ గిల్లింది. ఈమధ్య పాట మరీ గట్టిగా వినిపిస్తోంది. అదీ మంచిదే అనుకుంది.

ఒకరోజు పెద్దకోడలు రెండు లేత సొరకాయలు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది.

"నాకెందుకక్కా? నీ కాపు నువ్వే తిను."

"సగం నీదేనే. కొసలు గిల్లితే సొర విరగకాస్తుందని నాకూ తెలీదు. మొదటిసారి కిటికీలోంచి చూసి కేకేద్దామనుకున్నా. కాపు చూశాక నోరు మూసుకున్నా."

చిన్నకోడలు చేతిగోళ్ళు కొంగులో దాచుకుంది.

"అప్పట్నుంచే పాట సౌండు పెంచుతున్నా. నువ్వు బెదరకుండా వస్తావని."