తేదీ లేని అద్దాలు

మంజీర పొంగి కందకుర్తి ఊళ్లోకి నీళ్లొచ్చిన ఏడు గడిచి నాలుగేళ్లయింది. చెరకు నరికే కూలీలు దిగారు. బోధన్ సినిమా హాలుకు జనం పెరిగారు. రాజారాంకు చేతినిండా పని.

రాజారాం స్లైడ్లు రాసేవాడు. చదివింది మూడో తరగతే. రాయాల్సింది నాలుగు ముక్కలే కాబట్టి సరిపోయింది. అద్దం ముక్కకు మసి పూసి సూదితో గీకితే తెర మీద తెల్లటి అక్షరాలు పడేవి. పొగ త్రాగరాదు. రేపే చూడండి. ఇంటర్వెల్లో అప్పుడప్పుడు మరో రకం స్లైడు పడేది. మద్రాసులో ఫలానా నటుడు చనిపోయాడని, ఫలానా తేదీన అని.

పెద్ద నటుల జోలికి ఆయన పోడు. వాళ్లకు పేపర్లున్నాయి. ఆయన చూపంతా జమీందారు వెనక విసనకర్ర పట్టేవాడి మీద, మూడు సినిమాల్లో ఒకే కోటు తొడిగే డాక్టరు మీద, ఉత్తరం ఇచ్చి వెళ్లిపోయే పోస్టుమాన్ మీద. వాళ్లెప్పుడు పోతారో ముందే చెప్పేవాడు. లెక్క సులువు. సినిమా మొదట్లో పేర్లు పడతాయి. పోయినసారి ఐదో వరసలో ఉన్న పేరు ఈసారి పదో వరసకు జారితే రెండేళ్లు. అసలే పడకపోతే ఏడాది.

"పేరు జారినోడు తాగుతడు. తాగినోడు పోతడు. గంతే."

పేరు జారగానే ఒక అద్దం మీద ఆ పేరు గీకి, తేదీ చోటు ఖాళీగా వదిలి పెట్టెలో పెట్టేవాడు. హైదరాబాద్ నుంచి రీలు డబ్బాలతో వచ్చే మనిషి మద్రాసు కబుర్లు తెచ్చేవాడు. పేపర్లు రాయని చావులు కూడా అతని దగ్గర దొరికేవి. కబురు అందాక తేదీ గీకడమే మిగిలేది.

పోస్టుమాన్ కూడా చెప్పిన ఏడే పోయాడు. తెర మీద పేరు చూసి కూలీలు "ఎవడ్రా ఈడు" అని పల్లీలు నమిలారు.

"సచ్చినంక గూడ చిన్న వేషమే," అన్నాడు రాజారాం.

ఆ పల్లీలు అమ్మేది శారమ్మ. హాలు గేటు పక్కనే ఆమె గంప. ఆమె ఒక్కగానొక్క కొడుకు సామేలు చర్చిలో బాగా పాడతాడని ఎవరో మెచ్చుకుంటే మద్రాసు రైలెక్కాడు. రెండు సినిమాల్లో కనపడ్డాడు. ఒకదాంట్లో ఎడ్లబండి తోలాడు. ఇంకోదాంట్లో హీరో చేతిలో తన్నులు తిన్నాడు. పేరు ఒక్కసారే పడింది, అందరికన్నా కింద. శారమ్మకు చదువు రాదు. అయినా కొత్త సినిమా వచ్చిన ప్రతిసారీ మొదటి ఆటకు లోపలికొచ్చి గోడకానుకొని నిలబడేది.

"మావోని పేరు పడ్డదా రాజన్నా?"

"ఆ మొగానికి పేరొకటా," అనేవాడు రాజారాం.

ఆ రోజు మ్యాట్నీకి ముందు ప్రొజెక్టరు గది మెట్ల మీద ముగ్గురు టీ తాగుతున్నారు. రాజారాం, శారమ్మ, ఆపరేటరు లతీఫ్. లతీఫ్‌కు నోరు ఊరుకోదు.

"కాకా, నీ లెక్క సూస్తే శారమ్మ కొడుకు ఎప్పుడో పోవాలె గద. నాలుగేండ్ల సంది పేరే లేదు. వాని అద్దం ఏది?"

శారమ్మ చేతిలో గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఉత్తరం గూడ లేదు," అంది మెల్లగా. "రాజన్నా, నిజం చెప్పు. నీ పెట్టెల మావోడున్నడా?"

రాజారాం ఆమె వైపు చూడలేదు.

"మీవోడా? వానికి అద్దం దండుగ."

"ఎందుకు దండుగ?"

"పేరున్నోనికి పేరు జారుతది. వానికి జారేతందుకు ఏమున్నది? ఏ స్టుడియో వంటల కాడనో కూసొని పప్పన్నం తింటుంటడు. గసుంటోళ్లు సావరు. వాళ్లను ఏరుకునేతందుకు సావుకు గూడ పుర్సత్ ఉండాలె."

శారమ్మ గ్లాసు కింద పెట్టి లేచింది.

"ఇసనకర్ర పట్టినోనికి రాస్తివి. సంచి మోసినోనికి రాస్తివి. వాళ్లకన్న నా కొడుకు ఏం తక్కువ? వానికెందుకు రాయవు?"

అడిగేశాక, ఏమడిగిందో తెలిసి నాలుక కరుచుకుంది. లతీఫ్ టీ ఒలికేలా నవ్వాడు.

"నీ నోరు పడిపోను," అంది శారమ్మ రాజారాంతో. "క్రిస్మస్‌కు వస్తడు సూడు. కోటేసుకొని వస్తడు. గీ మెట్ల మీదనే నీ అద్దాలన్నీ పలగ్గొడ్తడు."

"రానీ. టికెట్టు లేకుంటె లోపలికి రానియ్య."

ఆమె తిట్టుకుంటూ గేటు దగ్గరికి పోయింది. ఆ సాయంత్రం మామూలుకన్నా గట్టిగా అరిచి పల్లీలు అమ్మింది. పొట్లం కొన్న ప్రతివాడికీ ఆ ముసలోడి నోటి దురుసు గురించి చెప్పింది. తన కొడుకు చావుకు కూడా లొంగనంత మొండివాడని చెప్పి నవ్వింది.

లతీఫ్ మాత్రం వదల్లేదు.

"ఊకె అంటున్నవు కాకా. నువ్వు రాయకుండ ఉండవు. రేపొచ్చి నేనే పెట్టె తీసి సూస్త. వాని అద్దం దొరికిందా, శారమ్మ ముంగట పెడ్త. ఏమంటదో సూద్దాం."

"సూడు," అన్నాడు రాజారాం.

మరునాడు పొద్దున రాజారాం హాలు ఊడ్చేవాళ్లకన్నా ముందే వచ్చాడు. పెట్టెలో అన్నిటికన్నా అడుగున ఉన్న అద్దం తీసి, కిటికీ వెలుతురుకు పట్టి కాసేపు చూశాడు. తర్వాత తడిగుడ్డ తీసుకొని ముందు సామేలు పేరును, ఆనక దాని కింద మంజీర పొంగిన ఏడే గీకిన తేదీని తుడిచేశాడు.