ఎండలో కూర్చున్న మనిషి

“అమ్మా, తాత నన్ను తోసేసినాడు!”

ప్రణీత్ ఏడుపు వినగానే హేమ వరండాలోంచి ఒక్క ఉదుటున లేచింది.

నాలుగేళ్ల పిల్లవాడు. మోకాలు చెక్కుకుపోయి ఎర్రమట్టితో పాటు నెత్తురు కారుతోంది.

“ఏ తాతరా?”

వాడు గోల్ఫ్ మైదానం అవతలికి చెయ్యి చూపించాడు.

పచ్చగడ్డి ఆగిన చోట బీడు మొదలవుతుంది. కంచె ఇంకా సగమే వేశారు. ఆ బీడులో, నీడన్నది లేని చోట, ఒక ముసలాయన గోనెపట్ట మీద చతికిలబడి ఉన్నాడు.

హేమకు గుండె దడదడలాడింది.

ఈ వేసవంతా ఆమెకు ఇదే దడ. సెలవులిచ్చింది మొదలు కారులోనే కాపురం. లేపాక్షిలో ప్రణీత్ నంది వెనక్కి పోయి కాసేపు కనబడకపోతే ఆమెకు కాళ్లాడలేదు. పుట్టపర్తిలో చంటిది నందినికి ఒళ్లు కాలిపోతే డాక్టరు దొరికేదాకా మంచినీళ్లు ముట్టలేదు. ఇప్పుడు సోమందేపల్లె దగ్గర ఈ కొత్త రిసార్టు. భర్త అభిలాష్‌కు బెంగళూరు ఆఫీసువాళ్లతో తిరిగి గోల్ఫ్ పిచ్చి పట్టింది.

“నేను ఆడుకుంటా, పిల్లోళ్లు ఆడుకుంటారు, నువ్వు రెస్టు తీసుకో,” అన్నాడు.

రెస్టు మాట దేవుడెరుగు.

చంటిదాన్ని చంకనేసుకుని, ప్రణీత్ చెయ్యి పట్టుకుని, ఆమె గబగబా అక్కడికి నడిచింది. ముసలాయన వెనక, ముళ్లకంప మొదట్లో, తెల్లటి గోల్ఫ్ బంతి పడి ఉంది. దానికోసం పోతేనే పిల్లవాణ్ణి తోశాడన్నమాట.

“ఏమప్పా, పసిబిడ్డను తోస్తావా? చెయ్యెట్లా వచ్చింది నీకు?”

ముసలాయన నోరు తెరిచాడు. మూతి ఒక పక్కకు లాక్కుపోయింది. మాట ముద్దగా వచ్చింది. ‘పో... పో...’ అన్నట్టు వినిపించింది హేమకు. చొంగ కారుతోంది. తుడుచుకోలేదు. అవతలికి పొమ్మని చెయ్యి విసిరాడు.

‘పట్టపగలే తాగినాడు,’ అనుకుంది.

అంతలో అభిలాష్ వచ్చాడు, చేతిలో గోల్ఫ్ కర్రతోనే.

“లేచి పో పెద్దాయనా. ఇది రిసార్టు జాగా.”

ముసలాయన లేవలేదు. రెండు అరచేతులూ నేలకు ఆనించి ఇంకా గట్టిగా కూర్చున్నాడు. చూపు మాత్రం ప్రణీత్ మీది నుంచి తిప్పలేదు. వాడు ఎటు జరిగితే ఆ కళ్లూ అటే జరుగుతున్నాయి.

“ఏమండీ, పిల్లోణ్ణే చూస్తాండాడు. నాకు భయమైతాంది,” అంది హేమ.

అభిలాష్ కేకేశాడు. సెక్యూరిటీ శివప్ప, తోటపని మనిషి ఒకడు పరిగెత్తుకొచ్చారు.

“వీడు ఎవరో నాకు తెల్దు సార్. నేను కొత్తగా చేరినా,” అన్నాడు శివప్ప.

“ఎవరైతేనేం, హైవే దగ్గర దింపేసి రాపో.”

ఇద్దరూ కలిసి రెక్కలు పట్టి లేపారు. ముసలాయన గింజుకున్నాడు. వల్లకాక, హేమ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

హేమ మొహం తిప్పుకుంది.

మోటారుబండి మీద ఆయన్ను ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని తీసుకుపోయారు. దుమ్ము లేచి సర్దుకుంది. హేమకు ఊపిరి తిరిగింది. చంటిదాన్ని భర్త చేతికిచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది.

“అమ్మా, నా బాల్!”

చూసేలోగా ప్రణీత్ గోనెపట్ట మీదికి కాలు వేశాడు.

పట్ట లోపలికి కుంగింది.

హేమ ఎప్పుడు దూకిందో ఆమెకే తెలియదు. చొక్కా గుప్పిట్లో దొరికింది. పిల్లవాణ్ణి లాగి వెనక్కి పడింది. ఆమె కళ్లముందే గోనెపట్ట జారి చీకట్లోకి మాయమైపోయింది. అంచున ఉన్న రాయి ఒకటి దాని వెంటే దొర్లింది.

ఆ రాయి అడుగు తాకిన చప్పుడు ఎంతకీ వినబడలేదు.

“బోరు!” అన్నాడు అభిలాష్. మొహంలో రక్తం లేదు.

తను ఎక్కి వచ్చిన గోల్ఫ్ బండిని తోసుకొచ్చి ఆ జానెడున్నర గుంత మీద నిలబెట్టాడు. రిసార్టు మనిషిని ఒకణ్ణి కాపలా పెట్టారు. హేమ అప్పటికే పిల్లల్ని కార్లో ఎక్కించింది.

“తొందరగా పోనీయండి. ఆయన ఆన్నే ఉంటాడు. ఉండాల.”

హైవే మీద బస్ షెల్టరు ఖాళీగా ఉంది. పక్కన టీ కొట్టు బయమ్మ గ్లాసులు కడుగుతోంది.

“అక్కా, ఈడ ఒక ముసలాయన...”

“ఇప్పుడే అట్ల పోతాండే నూటెనిమిదిలో ఏసుకపోయిరి. దించినోళ్లు దించిపోతానే, ఆ పక్కకే తిరిగి నడిచినాడు. నాలుగడుగులు ఏసి ఎండకు పడిపాయ. తెలివి లేదు.”

“మేం తాగినాడనుకున్నాం.”

బయమ్మ చివ్వున తలెత్తింది.

“ఎర్రప్ప మామా? తాగేదా? పచ్చవాతమొచ్చి మాట పడిపాయ తల్లీ! ఆడ ఎవురో దొంగ నాయాళ్లు బోరు పైపు పీక్కపోయినారంట. పొద్దున్నే వచ్చి, మూసేదానికి బండ ఏసుకరమ్మని మావోనికి సైగలు చేసిపాయ. ట్రాక్టరు దొరికేదాకా ఆన్నే కూర్చోనుంటాడు, పిలకాయలు తిరిగే జాగా గదా.”

చంకలోని చంటిది హేమ కొంగు పట్టి లాగుతోంది.

“ఆ భూమి... ఆయందా అక్కా?”

“ఆయప్పకు సెంటు భూమి లేదు.”

“మరి ఆయనకెందుకు అంత బాధ?”

బయమ్మ గ్లాసు బోర్లించి, రోడ్డు మీద అంబులెన్సు పోయిన దిక్కు చూసింది.

“టెంకాయ అరచేతిలో పెట్టుకోని ఈడ నీళ్లు పడతాయని ఈ చుట్టూ ఊళ్లల్లో బోరు పాయింట్లు చూపించింది ఆయప్పే తల్లీ, అన్నీ ఎండిపాయ, ఇప్పుడు వాటిని ఒకటొకటే మూసుకుంటా తిరుగుతాండాడు.”