కెటిల్ దొంగ

“కెటిల్ ఎక్కడ పెట్టారు సార్?”

హోటల్ మేనేజర్ నలుగురూ వినేలాగే అడిగాడు. రిసెప్షన్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. మూడు రోజుల బ్యాంకు ట్రైనింగ్ ముగిసిన భర్తను కారులో తీసుకెళ్దామని అప్పుడే వచ్చిన హెడ్మిస్ట్రెస్, ఆ మేనేజర్‌ని ఎగాదిగా చూసింది. వంకర టై, అరువు తెచ్చుకున్నట్టున్న కోటు.

“మావారు నీ నీళ్ళు కాచుకునే చెంబు ఎత్తుకెళ్తారా? అద్దంలో మొహం చూసుకుని మాట్లాడు.”

“గది చూసే చెబుతున్నాం మేడం. అన్నీ సర్దినట్టే ఉన్నాయి. కెటిల్ ఒక్కటే లేదు.”

“సర్దే ఉంటాయి. పక్క దులిపి మడత పెట్టనిదే ఇంట్లో కూడా ఆయన కాఫీ ముట్టరు. ఆ శుభ్రత నీకెలా తెలుస్తుందిలే!”

భర్త ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. “పోనిద్దూ. దాని ఖరీదేదో పారేసి పోదాం.”

“పారేస్తే దొంగనని ఒప్పుకున్నట్టే. మీరుండండి.”

“బిల్లు ఎలాగూ సార్ బ్యాంకుకే వెళ్తుంది” అన్నాడు మేనేజర్, నవ్వు దాచుకోకుండా. “కెటిల్ సంగతి అందులో రాయక తప్పదు.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వచ్చే నెలలోనే ఆయనకు ప్రమోషన్. పాతికేళ్ళు మచ్చలేకుండా చేసిన ఉద్యోగం, ఆఖరికి కెటిల్ దొంగ! పక్కన ఈయన చూస్తే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

“మీవి కార్డు తాళాలేగా? తలుపు ఎవరి కార్డుతో ఎప్పుడు తెరిచారో కంప్యూటర్లో ఉండాలే?”

“ఉంటుంది.”

“తియ్యి మరి. దూరింది మీవాళ్ళలో ఎవడో ఇప్పుడే తేలిపోతుంది.”

“వద్దు!” భర్త మొహం పాలిపోయింది. “నేనే తీశాను. కెటిల్ నేనే తీశాను.”

“చూశావా, అమాయకుణ్ణి ఎంత బెదరగొట్టావో!” ఆమె మేనేజర్ మీద విరుచుకుపడి, భర్త వైపు తిరిగింది. “పిరికితనానికైనా హద్దుండాలి. దారిన పోయే పిల్లికి కూడా క్షమాపణ చెప్పే రకం మీరు. నోరు మూసుకోండి.”

మేనేజర్ కీబోర్డు మీద టకటకా కొట్టాడు. తెర వంక చూసి, ఇంకోసారి చూసి, లేచి నిలబడ్డాడు.

“క్షమించండి మేడం. సార్ తియ్యలేదు.”

“ఇందాక అందరికీ వినిపించేలా అన్నావుగా? ఇదీ అలాగే చెప్పు. ఎలా తెలిసిందో కూడా చెప్పు.”

మేనేజర్ గొంతు పెంచాడు.

“ఈ మూడు రోజుల్లో సార్ ఆ గది తలుపు ఒక్కసారి కూడా తెరవలేదు మేడం!”