జోసయ్య గోత్రం

"ఏడు తరాల మా వంశం నా నాలుక మీదుంది. పరాయివాళ్లదైనా ఇట్టే పట్టేస్తాను," అన్నారు రాజారావు, మనవడు శ్రేయాస్ చేసుకోబోయే అమ్మాయి ముందు కాలు మీద కాలేసుకుని.

క్లారా తన ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. బెంటన్‌విల్‌లో పుట్టి పెరిగిన అమెరికా పిల్ల. శ్రేయాస్ దగ్గర తెలుగు బాగానే పట్టుకుంది.

చిక్కంతా రాజారావు భార్య భానుమతమ్మతోనే. గోత్రం తెలియనివాళ్లకి కాశ్యపస గోత్రం చెప్పి పెళ్లి జరిపిస్తామని గుడి పూజారి ఫోన్‌లో అన్నాడు.

"మనదీ కాశ్యపసే. అన్నాచెల్లెళ్లకి పెళ్లి చేయమంటాడా? పిల్లకి వేరే గోత్రం తేలాలి. లేదంటే నేను అక్షింతలు వేయను," అందావిడ. నానమ్మ అక్షింతలు పడకపోతే పీటల మీద కూర్చోనని శ్రేయాస్ భీష్మించుకున్నాడు.

"ఇతను మా ముత్తాతకి తాత, జోసయా విట్‌లాక్," అంది క్లారా. "పాత సెన్సస్‌లో ఓడ వడ్రంగి అని ఉంది. తర్వాత కొన్నేళ్లు మిస్సింగ్. ఎంత సెర్చ్ చేసినా దొరకలేదు."

"ఇక్కడ వెతికితే ఎలా దొరుకుతాడమ్మా? మా జోసయ్య అప్పుడు కోరంగిలో ఉన్నాడు."

పొయ్యి దగ్గర అట్లు పోస్తున్న భానుమతమ్మ ఇటు తిరిగింది. "మీ జోసయ్యా?"

"ఓడ బాగుచేయడానికి మా రేవులో దిగాడు. చలిజ్వరం పట్టుకుంది. సూరయ్యగారని కలప వర్తకుడు, పిల్లల్లేరు, ఇంటికి తీసుకెళ్లి దత్తు చేసుకున్నాడు."

"తెల్లవాణ్ణా?"

"ఒక్క వేసవికే మన రంగుకొచ్చాడే. అతను చెక్కిన పడవ తెడ్డు వేయకుండానే గోదావరికి ఎదురెక్కేది."

"ఏం తినేవాడు మరి?"

"మొదట్లో ఏడ్చేవాడు. తర్వాత్తర్వాత పులస పులుసు లేందే విస్తరి ముందు కూర్చునేవాడు కాదు."

"అదంతా సరే. ఆ సూరయ్యగారి గోత్రం?"

"భారద్వాజస."

ఆవిడ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "అది మా పుట్టింటి గోత్రం."

"నాకేం తెలుసు, ఉన్నమాట చెప్పాను."

భానుమతమ్మ క్లారాని కొత్తగా చూసింది. "మా పుట్టింటి పిల్లవి, అలా పక్షిలా తింటావేమే?" అంటూ ప్లేటులో ఇంకో అట్టు వేసి, పూజారికి ఫోన్ చేయడానికి లోపలికి వెళ్లింది.

క్లారా అట్టు ముట్టుకోలేదు. "తాతగారూ, అబద్ధంతో పెళ్లి స్టార్ట్ చేయాలంటే భయంగా ఉంది. నిజం చెప్పండి. ఇందులో మీరు కల్పించింది ఎంత?"

"ఎక్కువేం లేదు తల్లీ. గోత్రం ఒక్కటే."

"అనుకున్నా. నానమ్మకి తెలిస్తే?"

"తెలియదులే. ఏడు తరాలని కోశాను గానీ నాకు మా తాత పేరు దాకానే వచ్చు. పురోహితుడు అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పాలిగా."

"అందుకని భారద్వాజస అన్నారా?"

రాజారావు లోపలి గది వైపు ఓసారి చూసి, ఆమె ప్లేటులోంచి అట్టుముక్క తుంచుకున్నారు.

"అది కాదమ్మా, మా పెళ్లిలో నేను చెప్పిన కాశ్యపస."